యాదగిరి అన్న గొంతుకు కట్టిన బ్యాటరీ

2023 ఎండాకాలం. అబిడ్స్ పెద్ద రోడ్డు దిగి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లే ఒక గల్లీలో, మొదటి అంతస్తులో నా బెంచీ ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది. సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకాయన షాపులో సగం నేను కిరాయికి తీసుకున్నాను. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, కొన్నేళ్లు యూపీఎస్‌లు బాగుచేసే చోట పనిచేసి, చివరికి పాత లాప్‌టాప్ బ్యాటరీల దగ్గర స్థిరపడ్డాను.

చెడిపోయిందని జనం పారేసే లాప్‌టాప్ బ్యాటరీని విప్పితే లోపల వరుసగా సెల్స్ కనిపిస్తాయి. గోడగడియారంలో వేసే సెల్ కంటే కాస్త లావుగా, పొడుగ్గా ఉంటాయి. చాలాసార్లు వాటిలో ఒకటో రెండో చచ్చి, మిగతావాటిని కూడా పనికిరాకుండా చేస్తాయి. మంచివాటిని ఏరి, పరీక్షించి, మళ్లీ ప్యాక్‌గా కట్టడమే నా పని. తోపుడుబండ్ల మీది లైట్లకు, వైఫై రౌటర్లకు, కాలేజీ పిల్లలు ప్రాజెక్టుల్లో వాడే అరచేతి కంప్యూటర్లకు నా ప్యాకులు వెళ్తుంటాయి. కొత్త సెల్స్ కొనుక్కోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మా బజారులో కొత్త రేపర్ చుట్టిన పాత సెల్ ఏదో, నిజంగా కొత్తది ఏదో పోల్చుకోవడం కష్టం. మంచి లాప్‌టాప్‌లో నుంచి నా చేతులతో తీసిన సెల్ గురించి నాకు కనీసం అది ఎక్కడిదో తెలుసు.

ఒక మధ్యాహ్నం ముగ్గురు మెట్లెక్కి వచ్చారు. ముందు యాభై దాటిన ఒకాయన. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడకు అడ్డంగా పల్చటి నూలు గుడ్డ. వెనక ఆయన భార్య, కూతురు. మాట్లాడింది భార్యే.

"చెల్లే, పాత సెల్లులతోని బ్యాటరీ కట్టేది నువ్వేనా? మా ఆయనది గొంతు ఆపరేషన్ అయింది. మాట లేదు. ఈ మెషిన్ తోని మాట్లాడుతడు. అది ఊకె ఆగిపోతున్నది."

ఆయన పేరు యాదగిరి. సొంతూరు భువనగిరి దగ్గర. చిన్న వయసులోనే అబిడ్స్‌లో ఒక చీరల దుకాణంలో చేరి, అక్కడే సేల్స్‌మన్‌గా జుట్టు నెరిసేదాకా పనిచేశాడు. భార్య సువర్ణ. కూతురు స్రవంతి డిప్లొమా చివరి ఏడాదిలో ఉంది. గొంతులో గడ్డ క్యాన్సర్ అని తేలాక, దవాఖానలో డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ఇక ఊపిరి మెడకు పెట్టిన రంధ్రం గుండానే. మాట ఉండదు.

ఆపరేషన్‌కు ముందు దొరికిన కొద్ది రోజుల్లో స్రవంతి ఒక పని చేసింది. తండ్రిని ఇంట్లో కూర్చోబెట్టి, ఆయన రోజూ దుకాణంలో అనే మాటలన్నీ ఆయన గొంతుతోనే రికార్డు చేసింది. ఇంట్లో అనే మాటలు కూడా కొన్ని. తర్వాత అరచేతిలో సగం కూడా లేని ఒక చిన్న కంప్యూటర్ బోర్డు కొని, దానికి బుల్లి కీబోర్డు, స్పీకరు తగిలించింది. అంకెల బటన్లు నొక్కితే ఆయన సొంత గొంతులో ఆ వాక్యాలు వస్తాయి. అవి కాక ఇంకేదైనా చెప్పాలంటే టైపు చేయాలి, దాన్ని మెషిన్ తన గొంతుతో చదువుతుంది. ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు కదా అని అడిగాను.

"రెండు చేతుల చీరలుంటయి ఆంటీ. ఫోన్ దిక్కు చూసుకుంట కొట్టలేడు. ఇవి బటన్లు, నడుముకు కట్టుకుంటే చూడకుండనే నొక్కుతడు," అంది స్రవంతి.

చీరలు అమ్మేవాళ్లు ఒకచోట కూర్చోరు. బీరువా దగ్గరికి వెళ్లాలి, పరుపు మీద పరచాలి, రంగు సరిగ్గా కనిపించాలంటే చీర పట్టుకుని గుమ్మం దాకా నడవాలి. అందుకే వైరుతో గోడకు తగిలించే వీలు లేదు. వాళ్లు పవర్ బ్యాంక్ వాడుతున్నారు. అది సతాయిస్తోంది.

తీసుకుని చూశాను. పవర్ బ్యాంక్‌లో లోపమేమీ లేదు. దాన్ని ఫోన్ల కోసం చేశారు. ఫోన్ నిండాక కరెంటు తీసుకోవడం తగ్గిపోతుంది. అప్పుడది పని అయిపోయిందనుకుని తనంతట తాను ఆగిపోతుంది. ఈ చిన్న బోర్డు మాట్లాడనప్పుడు తీసుకునే కరెంటు చాలా తక్కువ. అంటే యాదగిరి అన్న ఊరుకుని ఎదుటివాళ్లు చెప్పేది వింటున్నప్పుడల్లా, అక్కడ ఎవరూ లేరనుకుని పవర్ బ్యాంక్ నిద్రపోయేది. ఆయన జవాబు చెప్పబోతే మెషిన్ మళ్లీ మొదటి నుంచి లేవాలి. ఈలోగా ఎదుటి మనిషి వేరే వైపు తిరిగేవాడు.

అలా కరెంటు హఠాత్తుగా పోయి, ఒకసారి మెమొరీ కార్డు కూడా చెడిపోయింది. కార్డు మీద కంప్యూటర్ ఏదో రాస్తుండగా కరెంటు పోతే అలా జరుగుతుంది. మెషిన్ లేవనే లేదు.

"కాపీ ఉంది డాడీ, నా దగ్గర ఉంది అని చెప్తనే ఉన్న ఆంటీ. ఆయన వినలే. మూలకు పోయి కూసున్నడు. అన్నం తినలే," అంది స్రవంతి. కొత్త కార్డులో అన్నీ ఎక్కించి బటన్ నొక్కి వినిపించేదాకా ఆయన తల ఎత్తలేదట. ఆపరేషన్‌లో ఒకసారి పోయిన గొంతు మళ్లీ పోయిందనుకున్నాడు.

అలవాటు ప్రకారం అడిగాను. "ఎన్ని గంటలు నడవాలి?"

"పొద్దుగాల దుకాణం తెరిచినప్పటి నుంచి మూసేదాకా..." అని సువర్ణ మొదలుపెట్టింది. యాదగిరి అన్న చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. కీబోర్డు మీద వంగి నెమ్మదిగా టైపు చేశాడు. మెషిన్ వార్తలు చదివినట్లు పలికింది.

"గంటలు కాదు బిడ్డా. మాట మధ్యల ఆగొద్దు."

పనికి దిగాను. నా దగ్గరున్న సెల్స్‌లో ఒకే రకం లాప్‌టాప్‌లవి ఏరి, నిండా ఛార్జ్ చేసి పక్కన పెట్టాను. ఇలా పెట్టడాన్ని మేం రెస్ట్ టెస్ట్ అంటాం. ఏమీ తగిలించకుండా ఊరికే ఉంచి, కొన్నాళ్లకు వోల్టేజ్ చూడాలి. మంచి సెల్ పెట్టినది పెట్టినట్టే ఉంటుంది. లోపల దెబ్బతిన్నది తనలో తానే దిగిపోతుంది. దీనికి అడ్డదారి లేదు.

యాదగిరి అన్నకు మాత్రం తొందర. శ్రావణమాసం వస్తోంది. చీరల దుకాణాలకు అది పండగ. "శ్రావణంల వచ్చి కూసో యాదగిరీ, నడిస్తే సూద్దాం," అన్నాడట దుకాణం సేటు. సేటు చెడ్డవాడు కాదు. కానీ మాట లేని సేల్స్‌మన్‌ని గిరాకీ ఎక్కువున్న రోజుల్లో ఎక్కడ కూర్చోబెట్టాలో ఆయనకూ తెలియదు. చీరలు మడతపెట్టే పని ఇస్తానన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు సువర్ణ కళ్లు దించుకుంది.

ఒకరోజు ఆయన ఒక్కడే వచ్చి, బెంచీ మీద వరుసగా పెట్టిన సెల్స్‌ను చూపించి టైపు చేశాడు.

"ఇవి బాగనే ఉన్నయి కద. కట్టియ్యి. ఏమన్నైతె జిమ్మేదారి నాది."

"అన్నా, ఇది మీ నడుముకు కట్టుకునేది. చుట్టూ పట్టుచీరలు, ఆడవాళ్లు, పిల్లలు. లోపల ఒక్క సెల్ ఖరాబై వేడెక్కితే అది మీ ఒక్కరి జిమ్మేదారి కాదు. జర ఆగుండ్రి."

ఆయన నా వైపు చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. మర్నాడు వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మెషిన్‌ను నా బెంచీ మీది కరెంటు సప్లైకి తగిలించాను. ఆ రోజు నుంచి వస్తూనే ఉన్నాడు.

అలా కూర్చున్న రోజుల్లోనే ఒక సంగతి జరిగింది. ఖైరతాబాద్ నుంచి వచ్చే, సీసీ కెమెరాలు బిగించే ఒక కస్టమర్ తన ప్యాక్ ఇంకా తయారు కాలేదని నా మీద కేకలేయడం మొదలుపెట్టాడు. నేను సంజాయిషీ చెబుతుంటే ఇంకా రెచ్చిపోతున్నాడు. అప్పుడు పక్క నుంచి ఒక గొంతు వినిపించింది. కొంచెం బొంగురుగా, నవ్వు కలిసిన గొంతు.

"కోపం చేసుకోకుండ్రి. ముందుగాల కూసోండ్రి. మీకు నచ్చకపోతే నేనే వద్దంట."

కస్టమర్ గిర్రున తిరిగి చూశాడు. ఎవరు మాట్లాడారో అర్థం కాలేదు. కానీ కూర్చున్నాడు. గుడ్డ కట్టిన మెడ, నడుము దగ్గరి డబ్బా చూసి విషయం తెలుసుకున్నాక గొంతు తగ్గించి, "రేపొస్త తియ్," అని వెళ్లాడు.

యాదగిరి అన్న సొంత గొంతు నేను వినడం అదే మొదటిసారి. అన్ని రోజులూ నా దగ్గర మెషిన్ గొంతుతోనే మాట్లాడాడు. ఆ రికార్డింగులు దుకాణం కోసం దాచుకున్నాడేమో. ఆయనకు కూడా ఆశ్చర్యమైనట్టుంది. బటన్ మీది వేలు తీసి మెషిన్ వైపు చూసుకున్నాడు. తర్వాత టైపు చేశాడు.

"పనికొస్తది."

ఆ వారంలోనే సువర్ణ ఒక్కతే వచ్చింది. యాదగిరి అన్నకు తెలియకుండా వచ్చానంది.

"చెల్లే, ఆయన ఇంట్ల మాట్లాడుతలేడు. మెషిన్ బంద్ చేసి పెడ్తడు. బ్యాటరీ ఒడుస్తదని, ఖరాబైతదని భయం. అన్నీ దుకాణానికే దాస్తుండు. ఆయన ఏమనాలనుకుంటుండో అందాజగ నేనే చెప్త. నేను తప్పు చెప్తే కోపం. చెప్పకపోతే ఇంట్ల చప్పుడే లేదు."

ఛాయ్ తెప్పించాను. ఆమె తాగి లేచేటప్పుడు, "ఇంటికొకటి, దుకాణానికొకటి చేద్దాం వదినా," అన్నాను. అంతకుముందు నా ప్రణాళికలో ఒకే పెద్ద ప్యాక్ ఉంది.

రెండు చిన్న ప్యాకులు అనుకున్నాక పని కూడా చక్కబడింది. ఇంటి ప్యాక్‌ను పగలు దుకాణంలో అదనంగా వెంట ఉంచుకోవచ్చు. ఒకటి తీసేలోగా ఇంకొకటి అందుకునేలా, మెషిన్‌కు రెండు సాకెట్లు పెట్టాను. కరెంటు ఒకవైపే వెళ్లేలా ఆపే డయోడ్లు మధ్యలో ఉన్నాయి కాబట్టి ఒక ప్యాక్ రెండో దాంట్లోకి పారదు. ప్రతి ప్యాక్‌కూ ఒక ప్రొటెక్షన్ బోర్డు వేశాను. ఎక్కువ ఛార్జయినా, మరీ దిగిపోయినా, వైర్లు కలిసినా అది కరెంటు తెంపేస్తుంది. కానీ ఆ బోర్డు కూడా చెప్పకుండానే తెంపుతుంది. ఆయన వద్దన్నది అదే. అందుకని దానికంటే ముందే హెచ్చరించే చిన్న సర్క్యూట్ ఒకటి కలిపి, పీక్ పీక్ మనే బజర్ పెట్టి వినిపించాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది మొత్తుకుంటె గిరాకీ మెషిన్ దిక్కు చూస్తది. చీర దిక్కు చూడది."

పాత ఫోన్‌లోంచి వైబ్రేషన్ మోటారు తీసి బజర్ స్థానంలో పెట్టాను. ఇప్పుడు ప్యాక్ అయిపోవస్తుంటే నడుము దగ్గర సన్నగా వణుకుతుంది. ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

రెస్ట్ టెస్ట్‌లో ఒక సెల్ దిగిపోయి కనిపించింది. బయటికి మిగతావాటికంటే అదే నిగనిగలాడుతోంది. ఆయన కట్టియ్యమన్న వరుసలోనిదే. మీటరు చూపించాను. చూసి, ఆ సెల్‌ను తానే చెత్త డబ్బాలో వేయబోయాడు. అలా వేయకూడదని, అలాంటివి వేరే ఇసుక డబ్బాలో పెడతామని చెప్పి తీసుకున్నాను. మంచివాటితో ప్యాకులు కట్టి, బెంచీ మీదే కొన్నాళ్లు నడిపించి, వేడి చూసి, అప్పుడిచ్చాను.

శ్రావణ శుక్రవారానికి ముందు రోజు నేను కూడా దుకాణానికి వెళ్లాను. నిజానికి ప్యాక్ ఎలా ఉందో చూడాలనే వెళ్లాను. నాకంటే ముందే సువర్ణ వచ్చి, లోపలికి పోకుండా గుమ్మం బయట నిలబడి ఉంది.

యాదగిరి అన్న పరుపు మీద కూర్చుని ఉన్నాడు. హిమాయత్‌నగర్ నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు చీరలు చూస్తున్నారు. "కూసో అమ్మా, చూసినంత మాత్రాన కొనాలని లేదు," అని ఆయన గొంతు వినిపిస్తోంది. ధర అడిగితే మాత్రం టైపు చేయాల్సి వచ్చింది. మెషిన్ ఆ ధరను వార్తల్లో చదివినట్లు గంభీరంగా చదివింది. కూతురికి నవ్వాగలేదు. తల్లి కసురుకుంది. యాదగిరి అన్న కూడా నవ్వాడు, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా. ఆ తర్వాత ఆ ముగ్గురి మధ్యా బెరుకు పోయింది.

కాసేపటికి ఆయన చెయ్యి నడుము మీదికి వెళ్లింది. ప్యాక్ వణికిందని నాకు అర్థమైంది. ఆయన తొందరపడలేదు. టైపు చేస్తున్న మాట పూర్తిచేశాడు. మెషిన్ దాన్ని చదివాక ఒక అంకె నొక్కాడు.

"ఒక్క నిమిషం అమ్మా. ఇదే చీరల ఇంకో రంగు లోపలున్నది, తెస్త."

లేచి లోపలికి వెళ్లాడు. వెంట తెచ్చుకున్న ఇంటి ప్యాక్ తగిలించుకుని, చేతిలో నిజంగానే ఇంకో రంగు చీరతో తిరిగొచ్చాడు. చివరికి వాళ్లు ఆ చీర తీసుకోలేదు, మొదట చూసినదే తీసుకున్నారు. సేటు గల్లా దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం ఆయన అన్నది ఒకటే: "రేపు జల్ది రా. రష్ ఉంటది."

సువర్ణ కొంగుతో మొహం తుడుచుకుని బస్సుకు వెళ్లిపోయింది. తానొచ్చానని ఆయనకు చెప్పొద్దంది.

యాదగిరి అన్న ఇప్పటికీ ఆ కౌంటర్ మీదే ఉన్నాడు. అప్పుడప్పుడు రెండు ప్యాకులూ పట్టుకుని చెకప్‌కు వస్తాడు. సెల్స్ ఎంత వాడారో మీటరు చెప్పేస్తుంది. దుకాణం ప్యాక్ కంటే ఇంటి ప్యాకే ఎక్కువ అరుగుతోంది. కారణం అడిగితే, స్రవంతికి ఉద్యోగమొచ్చిందని, రోజూ వచ్చి ఆఫీసు సంగతులు చెబుతుందని, తాను సలహాలిస్తున్నానని టైపు చేశాడు. అడగని సలహాలు కూడా ఇస్తున్నాడని సువర్ణ ఫిర్యాదు.

ఈ పనిలో చేరినప్పటి నుంచి వోల్టులు, గంటలు అడిగి ప్యాక్ కట్టడమే నాకు తెలుసు. అవి ఇప్పటికీ అడుగుతాను. కానీ ముందుగా, "ఇది ఆగిపోతే మీకు ఏమైతది?" అని అడుగుతున్నాను. చాలామంది "ఏంగాదు, మళ్ల ఛార్జ్ పెట్టుకుంట," అంటారు. వాళ్లకు మామూలు ప్యాక్ చాలు. ఎప్పుడో ఒకరు మాత్రం జవాబు చెప్పకుండా కాసేపు ఊరుకుంటారు. అలాంటివాళ్లకు స్టూలు చూపించి, ముందు వాళ్లు చెప్పేది పూర్తిగా వింటాను. టంకం వేసి ప్యాక్ కట్టే పని తర్వాత.