వంటింటి అరల్లో తిజానీ కాగితాలు

మా ఆయన తిజానీ చేతికి గడియారం ఉండేది కాదు. పెళ్ళికి మా నాన్న పెట్టిన గడియారం ఆయన పనిచేసేచోటి పెద్ద అయస్కాంతం దగ్గరికి వెళ్ళిన మొదటి వారంలోనే ఆగిపోయింది. బాగు చేయించుకోండి అంటే, "ఎందుకే, మళ్ళీ చంపడానికా?" అన్నారు. అప్పటినుంచీ ఎండ గోడ మీద ఎంతవరకు దిగిందో చూసి బయలుదేరేవారు. ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్ళలేదు.

మా స్ఫాక్స్ ఊళ్ళో ఒక కళాశాల రసాయనశాలలో ఆయన ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశారు. ప్రొఫెసర్ కాదు. ఎన్‌ఎంఆర్ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. మూడు కాళ్ళ మీద నిలబడ్డ ఉక్కు పీపా అది, మనిషెత్తు ఉంటుంది; ఆ అయస్కాంతం దాని లోపలే. వారానికోసారి దానికి చల్లటి నైట్రోజన్ పొయ్యాలి. పండగరోజు గొర్రె మాంసం పొయ్యి మీద ఉడుకుతున్నా సరే, లేచి వెళ్ళిపోయేవారు.

అదేం చేస్తుందో ఒకసారి నాకు రొట్టెముక్కలు పేర్చి చెప్పారు. ఏదైనా పదార్థాన్ని సన్నటి గాజు గొట్టంలో పోసి అందులోకి దించితే, దానిలోని హైడ్రోజన్లు తాము ఎక్కడున్నదీ, పక్కన ఎవరున్నదీ చెప్పేస్తాయట. ఆ చెప్పిందంతా పొడవాటి కాగితం మీద కొండలూ లోయలుగా గీత పడుతుందట.

"పెళ్ళి విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తే చాలు, ఏ వైపు చుట్టాలో తెలిసిపోదూ? అంతే ఇదీనూ," అన్నారు.

నాకు అర్థమయిందన్నాను. సగం అయింది.

ప్రతి కాగితానికీ ఆయన రెండు మూడు నకళ్ళు తీసేవారు. పరాయి దేశాల నుంచి, ఓరాన్ నుంచి ఒకరు, ఫెస్ నుంచి ఒకరు ఉత్తరం రాసి అడిగితే పంపేవారు. మొహం కూడా చూడని వాళ్ళకి. ఆ విభాగం పెద్దాయన మండిపడేవాడు: "మనం అచ్చు వేయించకముందే ఊరందరికీ పంచిపెడతావేమయ్యా?" ఈయన తల వంచుకుని వినేవారు. ఇంటికొచ్చి నాతో మాత్రం, "చూపించకపోతే మన తప్పు పట్టేదెవరే?" అనేవారు.

కొత్త యంత్రం వచ్చినప్పుడు పాత కాగితాలు పారేస్తుంటే అన్నీ ఇంటికి మోసుకొచ్చారు. గట్టి కాగితం. వంటింటి అరల్లో పరిచేశాను. కుస్‌కుస్ రవ్వ డబ్బాల కింద, ఎండుమిరప ముద్ద సీసాల కింద, ఎక్కడ చూసినా ఆయన కొండలే. "నీ అరలన్నీ చదివితే డాక్టరు పట్టా ఇచ్చెయ్యొచ్చు" అని ఏడిపించేవారు.

పోయిన చలికాలం ఆయన పోయారు. అరలు తుడవాలంటే చెయ్యి ఆడలేదు.

వేసవి మొదట్లో యుస్రా వచ్చింది. ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ఆ యంత్రాన్ని చూసుకుంటున్న అమ్మాయి.

"పాత కొలతలన్నీ కంప్యూటర్లో పెడుతున్నాం పిన్నీ. ఏ దేశంవాళ్ళయినా ఊరికే చూసుకోవచ్చు. బాబాయికి ఇష్టమైన పనేగా."

ఇద్దరం కూర్చుని అరలు ఖాళీ చేశాం. నూనె జాడీ కింద ఉన్న కాగితం దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది.

"ఇదొక్కటీ పెట్టను."

"అదేం పాపం చేసింది?"

"ఇదిగో, ఈ చిన్న కొండలు చూడు. షీహ్ మందుమొక్కలో ఎవరికీ తెలియని నూనె ఉందని, దీన్నే ఆధారం చేసుకుని మా విభాగం పెద్దాయన అచ్చు వేయించాడు. ఓరాన్‌లో వాళ్ళు మూడుసార్లు కొలిచి చూశారు. ఆ నూనె రాలేదు. తిజానీ కొలవడం చేతకాక చెడగొట్టాడని మావాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు. అసలు కాగితం బయటపడితే బాబాయి పేరు అందరి ముందూ పోతుంది. దొరకలేదని చెప్పేస్తాను. చూసింది మనిద్దరమేగా?"

కాగితం మూల ఆయన చేతిరాతలో తేదీ ఉంది. 1996 నవంబరు. మా నాన్న తోట నుంచి కొత్త ఆలివ్ నూనె వచ్చిన వారం.

టీ పెడతానని లేచాను. నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి, పుదీనా వెయ్యడం మరిచిపోయాను.

కొత్త నూనె వచ్చిన ఆ వారం రసాయనశాలలో నీళ్ళు రాలేదు. ఆయన గాజు గొట్టాలు ఇంటికి తెచ్చారు. "కడిగి బోర్లించు, అంతే. లోపల ఏదీ పెట్టకు" అని మరీ మరీ చెప్పి వెళ్ళారు. బోర్లించాక కూడా లోపల నీటిచుక్కలు కనబడుతున్నాయి. చుక్క మిగిలిన పాత్ర చూస్తే నాకు ప్రాణం ఊరుకోదు. నూనె జాడీలు తుడుస్తున్న గుడ్డ అంచు చింపి, వత్తిగా పేని, లోపల తిప్పాను. గొట్టాలు తళతళలాడాయి. సాయంత్రం ఆయన అడిగారు: "లోపల ఏమీ పెట్టలేదుగా?"

"లేదు" అన్నాను.

నా మాట నమ్మి ఆయన కొలిచారు, సంతకం పెట్టారు. తర్వాత ఆ కొలత గురించి నాతో ఎప్పుడూ అనలేదు. అనుమానం వచ్చిందో, రాలేదో, ఇక అడగడానికి లేదు.

టీ లేకుండానే వెనక్కి వచ్చాను.

"అది మొక్క నూనె కాదు తల్లీ. మా జాడీ నూనె," అని జరిగిందంతా చెప్పాను.

యుస్రా ఆ కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఇరవై ఎనిమిదేళ్ళు అందరూ మొక్కని అనుమానించారు, మనిషిని అనుమానించారు. గుడ్డని ఎవరూ అనుమానించలేదు పిన్నీ!"

"నవ్వకే."

"నవ్వట్లేదు. నాకో గరిటెడు ఆలివ్ నూనె ఇయ్యి."

మర్నాడు మధ్యాహ్నం మా నూనె కొలిచిన కొత్త కాగితం పట్టుకుని పరుగున వచ్చింది. పాతదాన్ని కిటికీ అద్దానికి ఆనించి, పైన కొత్తదాన్ని పెట్టింది. వెలుగులో చిన్న కొండ మీద చిన్న కొండ సరిగ్గా కూర్చుంది. మొక్కవి మొక్కవే, మా నూనెవి మా నూనెవే. ఆయన కొలత తప్పు కాదు. గొట్టంలో ఏముందో అదే కొలిచారు.

"ఇప్పుడు రెండూ పెడతాను. కానీ పక్కన ఏమని రాయను? గొట్టం శుభ్రంగా లేదని రాస్తే చాలు, నీ మాట ఎత్తక్కర్లేదు."

"ఎత్తు. గొట్టాలు కడిగింది ఆయన భార్య మబ్రూకా అని రాయి. వద్దన్నా వినకుండా లోపల తుడిచిందని రాయి. అడిగితే లేదని చెప్పిందని కూడా రాయి."

"అదెందుకు, చివరిది?"

"ఆయనైతే రాసేవారు."

వారం తర్వాత తన ఫోనులో ఆ పాత కాగితాన్ని తెరిచి చూపించింది. నేను కూడబలుక్కుంటూ చదివాను. పైన ఆయన చేతిరాతలో ఆయన పేరు, కింద అచ్చక్షరాల్లో నా పేరు. ఆ రెండింటికీ నడుమ మా నూనె జాడీ అడుగు మరక, గుండ్రంగా, అలాగే వచ్చింది.