కదలొద్దుగారి వేసవి షికార్లు

మా బావకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. అది స్టూడియో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. ఊళ్లో అందరికీ ఆయన కదలొద్దుగారు. పిల్లను స్కూల్లో చేర్పించాలన్నా, ముసలాయనకు పాస్‌పోర్టు కావాలన్నా "కదలొద్దుగారి దగ్గరికెళ్లి ఫోటో తీయించుకు రండి" అంటారు. స్టూలు మీద కూర్చున్న మనిషితో ఆయన వేరే మాట మాట్లాడగా నేను వినలేదు. కదలొద్దు, నవ్వొద్దు, ఊపిరి బిగబట్టు. ఎప్పుడో కొత్తలో ఎవరిదో దరఖాస్తు, ఫోటోలో పళ్లు కనిపిస్తున్నాయని తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి ఊరందరి పళ్లకూ ఆయనే కాపలా.

ఆయన తీసిన ఫోటోలో మీరెలా ఉంటారంటే, ఏదో నేరం మీ మీద మోపారు, మీరు చేయలేదు, చేసి ఉంటే కనీసం ఈ బాధ ఉండేది కాదు కదా అనుకుంటున్నట్టు ఉంటారు. దరఖాస్తులు మాత్రం ఒక్కటీ తిరిగి రావు. ఆ గొప్ప ఆయనదే, కాదనను.

అలాంటి మనిషికి ఎండలు ముదిరేసరికి ఎక్కడలేని హుషారు పుట్టుకొస్తుంది. పొద్దున్నే ఎండ చుర్రుమనకముందే కెమెరా మెడలో వేసుకుని వీధిన పడతాడు. ముందు ఆయన, వెనక గొడుగుతో మా అక్క, ఆ వెనక నీళ్ల సీసాతో నేను. గొడుగు ఆయన నెత్తికి కాదు, కెమెరాకు. అక్క నెత్తికి ఎండే గతి. నన్నెందుకు రమ్మంటారో ఇప్పటికీ నాకు తెలియదు. పక్క వీధిలోనే ఉంటాను కాబట్టి పిలవడం తేలిక, అంతే అయి ఉంటుంది.

ఈ షికార్లలో ఆయన మనుషుల ఫోటోలు తీయడు. "ఏడాదంతా మొహాలే కదా, ఇక్కడైనా వదిలెయ్" అంటాడు. కారుతున్న వీధి కుళాయి కింద పిచ్చుకలు వంతులవారీగా స్నానం చేస్తుంటే తీస్తాడు. తోపుడుబండి నీడలో పడుకున్న కుక్క, బండి కదిలినప్పుడల్లా విసుక్కుంటూ లేచి మళ్లీ ఆ నీడలోకే వెళ్లి పడుకుంటుంటే, దాని వెంటే ఈయనా వీధి చివరిదాకా వెళ్తాడు. ఒక రోజు మంగలి షాపు అద్దాన్ని తుడవడానికి బయట పెట్టారు, అందులో ఆకాశం ముక్క నీలంగా పడింది. దాని ముందు ఆయన మోకాళ్ల మీద కూర్చుంటే, దారిన పోయేవాళ్లు ఏదో పోగొట్టుకున్నాడనుకుని తామూ వెతకడం మొదలుపెట్టారు.

అనుకున్నది దక్కిందంటే "దొరికింది" అంటాడు, మెల్లగా, తనలో తాను. అప్పుడాయన మొహం బడి వదిలిన పిల్లాడి మొహంలా ఉంటుంది. నాకు ఆయన మీద ఉన్న ఫిర్యాదులు చెప్పుకుంటే ఒక పూట చాలదు. ఆ మొహం చూసినప్పుడు మాత్రం ఈ మనిషంటే నాకు ప్రాణం.

ఇక మా అక్క సంగతి. అక్క ఇక్కడి హైస్కూల్లో లెక్కల టీచరు. ఎవరైనా లెక్క తప్పు చేస్తే ముందు తనకు నవ్వొస్తుంది, అది చూసి తప్పు చేసిన పిల్లకు నవ్వొస్తుంది, ఆ తర్వాత లెక్క వస్తుంది. ఆ నవ్వుకు తన క్లాసులో ఎవరికీ పాఠం వినబడటం లేదని పక్క గది సైన్సు మాస్టారు చాలాసార్లు ఫిర్యాదు చేశారు.

ఈసారి పరీక్షలవగానే అక్క రిటైరైంది. రిటైరైనవాళ్ల ఫోటోకు ఫ్రేము కట్టించి వరండా గోడకు తగిలించడం ఆ స్కూలు పద్ధతి. ఆ ఫోటోలన్నీ తీసింది మా బావే, మేకులు కొట్టిందీ ఆయనే. ఒకరి పక్కన ఒకరు ఊపిరి బిగబట్టిన మాస్టర్లు, టీచర్లు. పిల్లలు దానికి 'దొంగల గోడ' అని పేరు పెట్టారు. సెలవులు ముగిసి స్కూలు తెరిచే రోజున అక్క కూడా ఆ గోడ ఎక్కాలి.

"ఏవండీ, నన్ను ఆ దొంగల్లో కలపకండి" అంది అక్క. "చూడగానే ఇది మా టీచరే అని పిల్లలు గుర్తుపట్టాలి. నేనడిగేది అంతే."

"అదెంత భాగ్యం? పొద్దున్నే ఒకటి తీసి పడేస్తా" అన్నాడు బావ.

పొద్దున్నే తీశాడు. మర్నాడు తీశాడు. సెలవులన్నీ తీస్తూనే ఉన్నాడు. ఎందుకు కుదరలేదో తెలియాలంటే ఆ స్టూడియోలో జరిగే ఇంకో ముచ్చట చెప్పాలి. రోజూ షట్టరు ఎత్తగానే బావ లైట్లు సరిచూసుకుంటాడు. దానికో మొహం కావాలి. స్కూలుకు బయల్దేరబోతున్న అక్కను స్టూలు మీద కూర్చోబెట్టి ఒకటి నొక్కుతాడు, లైటు సరిగ్గా పడిందో లేదో చూస్తాడు, చెరిపేస్తాడు. పెళ్లాం ఫోటో ఇన్నిసార్లు తీసిన మొగుడు ఇంకొకడు ఉండడు. ఒక్కటీ మిగల్లేదు. అన్నేళ్ల అలవాటుకు, కెమెరా తనవైపు తిరిగితే చాలు, అక్క కొయ్యబారిపోతుంది. గడ్డం కాస్త దించి, ఊపిరి బిగబట్టి, లైటు కోసం కూర్చున్నట్టే కూర్చుంటుంది.

"నవ్వు" అన్నాడు బావ. ఆ గదిలో ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. అది విని కంగారుపడి అక్క ఇంకాస్త బిగుసుకుపోయింది. నేను పక్కన నిలబడి మా చిన్నప్పటి సంగతులు ఎత్తాను. అక్క పడీపడీ నవ్వింది. కెమెరా లేచింది, నవ్వు ఆరిపోయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఇక్కడ పెరటి వైద్యుడూ పనికిరాలేదు.

ఒక సాయంత్రం అక్క కంప్యూటర్లో ఆ వేసవి ఫోటోలు చూస్తోంది. కుక్క దగ్గర ఆగింది.

"ఎంత ముద్దుగా తీశారో చూడవే" అంది నాతో. "దీన్ని ఊపిరి బిగబట్టమని చెప్పి ఉండరు."

నవ్వుతూనే అంది కానీ తర్వాతి ఫోటోకు వెళ్లలేదు. ఇన్నేళ్లు పక్కనే ఉన్న మనిషి మొహం ఆయన చేతికి రాలేదు, కుక్కది వచ్చింది. బావ విననట్టే కూర్చుని లెన్సు తుడిచాడు. అది అంతకుముందే తుడిచిన లెన్సు.

స్కూలు తెరిచే ముందు వారం షికారుకు బస్టాపు వైపు వెళ్లాం. అక్కడ చెట్టు లేదు, పందిరి లేదు, ఒక్క దీపస్తంభం ఉంది. దాని నీడ సన్నగా, పొడుగ్గా రోడ్డు పక్కన పడింది. బస్సు కోసం వచ్చిన జనమంతా ఆ నీడలో ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే. నీడ జరిగినప్పుడల్లా వరస మొత్తం ఓ అడుగు పక్కకు జరుగుతోంది. బావ మనుషుల్ని తీయనన్న మాట మరిచిపోయాడు. వరసంతా ఫ్రేములో పట్టాలని వెనక్కి నడిచాడు. ఇంకాస్త వెనక్కి నడిచాడు. అక్కడ కూల్‌డ్రింకుల బండివాడు సీసాలు చల్లబెట్టుకున్న పెద్ద తొట్టి ఉంది.

"కెమెరా, కెమెరా" అని అరిచి, దాన్ని అక్క చేతిలో పెట్టి మరీ పడ్డాడు. ఐసునీళ్లలో నడుం దాకా కూరుకుపోయి, కాళ్లు పైకి, ఒళ్లో రెండు సీసాలు. ఆ స్థితిలోనూ "చల్లగా బానే ఉంది" అన్నాడు. కింద పడ్డా పైచేయి ఆయనదే కావాలి.

అక్క నవ్వడం మొదలుపెట్టింది. గొడుగు జారిపోయింది, కళ్లల్లో నీళ్లొచ్చాయి, నా భుజం పట్టుకుని వంగిపోయి నవ్వింది. నీడలో నిలబడ్డవాళ్లందరూ నవ్వారు. బావ తొట్టిలోంచి తలెత్తి చూశాడు. ఏదో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"అలాగే ఉండు. కదలొద్దు" అన్నాడు చెయ్యి చాచి. "కెమెరా ఇలా ఇవ్వు."

"మీరు కదలొద్దు" అంది అక్క, నవ్వుతూనే నొక్కింది.

ఆ ఫోటో ఇప్పుడు స్టూడియో గాజు తలుపు వెనక ఉంది. తొట్టిలో తడిసి ముద్దయిన మనిషి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ ఎవరినో చూస్తుంటాడు. ఆయన పళ్లు ఊరు చూడటం అదే మొదటిసారి. ఎవరిని చూస్తున్నాడని గిరాకీలు అడిగితే, "మా ఆవిడని" అంటాడు.

కానీ గోడకు కావలసింది అది కాదు కదా. స్కూలు తెరిచే రోజు రానే వచ్చింది. తీసినవాటిలో కాస్త తక్కువ నేరం చేసినట్టున్న ఫోటో ఏరి ఫ్రేము కట్టించాడు. అక్క చూసి "పోనీలెండి" అంది. తను మాత్రం రానంది. సుత్తీ మేకూ పట్టుకుని బావ, ఫ్రేము పట్టుకుని నేను వెళ్లాం. మేకు కొట్టాడు, తగిలించాడు, వంకర సరిచేశాడు. స్టూలు ఇంకా దిగలేదు, ఇద్దరు ఆడపిల్లలు వచ్చి నిలబడ్డారు.

"లెక్కల టీచర్ని పెడతారన్నారు కదే. ఈవిడెవరు?"

"ఏమో. కొత్త హెడ్మిస్ట్రెస్సేమో. కోపిష్టిలా ఉంది, పద."

బావ ఫ్రేము తీసి చంకలో పెట్టుకుని దిగాడు. హెడ్మిస్ట్రెస్ గదిలోంచి వచ్చి ఏమైందండీ అని అడిగింది.

"ఇది మా ఆవిడ ఫోటో కాదండీ" అన్నాడు. "ఆవిడది ఇంకా అవలేదు."

మేకు పీకడం మరిచిపోయాడు.

ఎండలు తగ్గినా షికార్లు ఆగలేదు. ఇప్పుడు కెమెరా అక్క చేతిలో ఉంటోంది, గొడుగు బావ చేతిలో. ఆవిడ నవ్వు ఎప్పుడు బయటపడుతుందా, కెమెరా ఎప్పుడు లాక్కుందామా అని ఆయన కాచుకుని ఉంటాడు. ఆవిడ ఇవ్వదు. నీళ్ల సీసా మాత్రం ఇంకా నాదే.

మొన్న మనవరాలిని చేర్పించడానికి ఆ స్కూలుకు వెళ్లాను. ఒక పెద్దపిల్ల దాన్ని వరండా వెంట తీసుకెళ్తూ గోడ చూపించింది. "ఈయన సోషల్ మాస్టారట. ఈవిడ డ్రాయింగు టీచరట." ఖాళీ మేకు దగ్గరకొచ్చేసరికి ఆ పిల్ల మొహం విప్పారింది. "ఇది మా లెక్కల టీచరు" అంది, నవ్వేసింది.

ఆ సంగతి మర్నాడు కుళాయి దగ్గర చెప్పాను. అక్క పిచ్చుకల మీద గురిపెట్టి ఉంది. బావ గిర్రున నావైపు తిరిగాడు. ఆయన చేతిలో గొడుగు పక్కకు ఒరిగింది, కెమెరా మీది నీడ చెదిరింది.

"కదలొద్దు" అంది అక్క, కెమెరా నుంచి కన్ను తీయకుండానే.