సైరన్‌కు ముందు వచ్చే చెయ్యి

పొద్దున్నే వర్క్‌షాప్ సైరన్ కూస్తే చాలు, నా ముక్కుకు స్పిరిట్ వాసన తగులుతుంది. వెంటనే రైల్వే ఆసుపత్రి కంటి డాక్టర్ సాన్యాల్ గారు గుర్తొస్తారు. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఎవరినైనా అడగండి. ఆయన నా కన్ను కుట్టాక, రెండు కళ్లకూ కట్టుతో రాయిలా పడుకున్న మనిషిని నేను. ఈగ వాలినా కదల్లేదు.

అప్పట్లో నేను రైల్వే వర్క్‌షాప్‌లో, బోగీలు బాగుచేసే షాపులో ఫిట్టర్‌ని. నా కళ్లద్దాలు సీసా అడుగుల్లా ఉండేవి. కుడికన్ను ముందే పోయింది. ఒక మధ్యాహ్నం ఎడమకంటికి పక్కనుంచి నల్లటి తెర జారడం మొదలైంది. అద్దాలు తుడిచాను. జారుతూనే ఉంది.

సాన్యాల్ గారు నా భార్య నూకాలుకు చెప్పారు: "ఇతని కన్ను గుండ్రంగా లేదు, దీదీ. కోడిగుడ్డులా సాగింది. లోపలి పొర పల్చబడి, చిరిగి, గోడను వదిలేసింది." చిరుగు చుట్టూ వేడితో కాల్చి, బయటినుంచి మెత్తని సిలికాన్ పట్టీ కుట్టి గోడను లోపలికి నొక్కుతారట. "ఆ తర్వాత అంటుకోవడం నా చేతిలో లేదు." నా వైపు తిరిగారు: "నోడ్బే నా, కదలొద్దు, రావ్! తల కదిలిందా, అంతే."

రాయిలా అన్నాను కదా, అది కాస్త పెంచాను. ఆపరేషన్ మర్నాడు సైరన్ కూసింది. ఏళ్ల తరబడి దానికే లేచిన ఒళ్లు. కట్టు సంగతి మరిచి లేచి కూర్చుని, కాళ్లతో చెప్పులు వెతుక్కున్నాను.

"ఓలమ్మో, తల!" అని నూకాలు అరిచింది.

డాక్టరు గారు కట్టు విప్పి, దీపం వేసి చాలాసేపు చూశారు. చివరికి, "అభీ ఠీక్ హై. మళ్లీ లేస్తే కుట్టడానికి నాకేమీ మిగలదు," అన్నారు.

మర్నాటి నుంచి సైరన్‌కు కాస్త ముందే ఒక చెయ్యి నా నుదుటి మీద వాలేది. మాటా పలుకూ ఉండేది కాదు, స్పిరిట్ వాసన ఒక్కటే. కూత వినగానే నా మెడ లేవబోయేది, ఆ చెయ్యి బరువుగా ఆపేది. అంత పెద్ద డాక్టరు నాకోసం నిద్ర మానుకుని వస్తున్నారే అని కట్టు కింద కళ్లు తడిసేవి. తడిస్తే ఏమవుతుందోనని మళ్లీ అదో భయం.

కట్లు తీసేశాక మసకమసకగా ఫ్యాను రెక్కలు కనిపించాయి. ఇప్పటికీ కంగారు పుడితే నా అరచెయ్యి నుదుటి మీదికి పోతుంది. తొందరపడి లేవకపోవడం ఆయన నేర్పిందే.

ఇదంతా రాసి చదివి వినిపిస్తుంటే, బియ్యం ఏరుతున్న నూకాలు తల ఎత్తకుండానే అంది:

"డాట్రుబాబు తొమ్మిదైతే గానీ వొచ్చీవోడు కాడు. ఆ సెయ్యి నాది. గాజులు తీసేసి పెట్టీదాన్ని. నా సెయ్యని తెలిస్తే నువ్వు లెగకుండా ఉందువేటి?"