మూడు ఇంజన్లలో బత్తాయిల ఆట

2023 వేసవి. చైతన్యపురిలోని ఒక శిక్షణ సంస్థలో నేను గేమ్ డెవలప్‌మెంట్ బోధిస్తున్నాను. బొమ్మలు కదిలించడం, తెరపై వేలి స్పర్శను గుర్తించడం వంటి పనులను ముందే సిద్ధం చేసి ఉంచే సాఫ్ట్‌వేర్‌ను గేమ్ ఇంజన్ అంటారు. ప్రతి విద్యార్థీ ఒకే చిన్న ఆటను మూడు ఇంజన్లలో నిర్మించి, పోల్చి చూసిన తరువాతే ఒకదానిని ఎంచుకోవాలన్నది నా తరగతి నియమం. దానికి మినహాయింపు లేదు.

నల్లగొండ పల్లె నుంచి వచ్చి నాగోల్‌లో స్థిరపడిన కుటుంబపు అమ్మాయి స్వప్న. రాలే బత్తాయిలను వేలితో బుట్ట జరిపి పట్టే ఆట చేసింది. మంచికాయకు స్కోరు పెరుగుతుంది, మచ్చకాయకు తగ్గుతుంది. అది ఆమె తండ్రి ఎల్లయ్య గారి కోసం. కొత్తపేట పండ్ల మార్కెట్టులో హమాలీగా పనిచేసిన ఆయనకు పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లకు పని చెప్పమన్నారు వైద్యులు.

ఒకనాడు ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మూడింట్ల నాయినతోని ఆడిపిచ్చిన సార్. స్కోరు సున్నా దాటుతలేదు. ఇంజన్ టచ్ తీసుకుంటలేదా, మా నాయిన చెయ్యే ఇగ రాదా?"

"మూడు ఇంజన్లూ ఒకే తప్పు చేయవమ్మా."

"అంటే చెయ్యేనా సార్?"

"చూడకుండా తీర్పు చెప్పను. ఆయనను తీసుకురా."

మరునాడు ఎల్లయ్య గారు కూతురి భుజం పట్టుకొని వచ్చారు. నేను స్కోరును చూడలేదు, ఆయన వేలినే చూశాను. అది వణికింది. అయినా బుట్ట ప్రతి కాయ కిందికీ చేరింది. మచ్చకాయల కిందికి కూడా. మంచికాయలతో పెరిగిన స్కోరు వాటితో తగ్గిపోతోంది.

"మచ్చకాయలను వదిలేయాలి కదా, ఎల్లయ్య గారూ?"

"గదేంది సారూ! మచ్చున్నా జ్యూస్ బండోడు కొంటడు. కాయను నేల మీద పడనిస్తే హమాలీనెట్లయిత? నా బిడ్డకు కంప్యూటర్ ఒచ్చు గని మార్కెట్ రాదు."

"మరి నాకు జెప్పొద్దా నాయినా!"

"నువ్వడిగినవా? స్కోరు జూసి ఊకె ఏడుస్తివి."

స్వప్న ఆ కుడిచేతి వేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వాళ్ల గొంతులు పెరిగినా, తరగతిలో నిశ్శబ్దం పాటించాలన్న నియమాన్ని ఆ పూట నేను గుర్తు చేయలేదు.

మచ్చకాయకు స్కోరు తగ్గే నిబంధనను ఆమె తొలగించింది. తండ్రి పాత ఫోనును వేడెక్కించని చిన్న ఇంజన్‌ను ఎంచుకుంది.

పోలిక తేడాలను చూపుతుందని నేను ఏళ్లుగా బోధించాను. మూడింటిలోనూ ఫలితం ఒకటే అయితే, ఇంజన్లను పక్కన పెట్టి ఆడుతున్న చేతిని చూడమని ఇప్పుడు చెబుతున్నాను.