చప్పట్లకు వదిలిన ఖాళీ

ఫిల్మ్‌నగర్‌లో డైలాగులు రాసేవాళ్లకు ఒక అలవాటుంది. హీరో పెద్ద డైలాగు చెప్పాక ఎదుటివాళ్లకు జవాబు రాయం. అక్కడ చప్పట్లు పడాలి, ఈలలు పడాలి. అందుకని కొన్ని క్షణాలు ఖాళీ వదిలేస్తాం. పాతికేళ్లుగా నేనూ వదులుతూనే ఉన్నాను. అది తప్పని ఎప్పుడూ అనిపించలేదు.

ఆ సినిమాలో హీరో కలెక్టరు. ప్రభుత్వ కాలేజీలో చదివి విదేశానికి బయలుదేరిన ఒక నర్సును విమానాశ్రయంలో ఆపి నిలదీస్తాడు. "ప్రజల సొమ్ముతో చదువుకున్నావు. వెళ్లు, కాదనను. కానీ ఆ చదువుకు పన్ను కట్టి వెళ్లు!" ఇంకా చాలా ఉంది లెండి, రెండు పేజీలు. షేక్‌పేటలో మా ఇంటి బాల్కనీలో కూర్చుని ఒక్క పూటలో రాసేశాను. రాస్తుంటే నాకే ఒళ్లు పులకరించింది. నర్సు ఏమీ అనదు, తల దించుకుని వెళ్లిపోతుంది.

ఆ నర్సు పాత్రకు గొంతు ఇవ్వడానికి యూసుఫ్‌గూడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నాలుగేళ్లుగా చిన్న చిన్న పాత్రలకు డబ్బింగ్ చెబుతోంది, నాకు బాగా తెలిసిన పిల్లే. మిగతా రోజుల్లో ఏం చేస్తుందో మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆ పొద్దున గంటలోపే వేరే సీన్లలోని ఆమె మాటలన్నీ అయిపోయాయి. విమానాశ్రయం సీను తెర మీద నడుస్తుంటే మైకు ముందు ఊరికే నిలబడి హీరో మాటలు మొత్తం విన్నది. తర్వాత బయటికొచ్చి, టీ గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడింది.

"సార్, నేను సర్కారు కాలేజీల్నే నర్సింగ్ చదివిన. వచ్చే నెల జర్మనీకి పోతున్న."

తాగుతున్న టీ నాకు పొలమారింది.

"మా గల్లీల అందరికి నా గొంతు ఎరుకే. ఏ సినిమాల చెప్పినా గుర్తుపడ్తరు. గీ సీన్ చూసి నన్నే తిట్టినట్టు అనుకుంటరు సార్. నేనే తలకాయ దించుకొని పోయినట్టు అనుకుంటరు. జర ఒక్క మాట పెట్టుండ్రి."

"షూటింగ్ అయిపోయింది కదమ్మా," అన్నాను.

"మీరు చప్పట్లకు ఇడిశిపెట్టిన కాడ ఆ పిల్ల వీపే కనబడ్తది సార్. పెదవులు కనబడయి."

నిజమే. నేను వదిలిన సందు నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఏం చెప్పాలనుకుంటున్నావని అడిగితే తడుముకోకుండా చెప్పింది. భాష ఒక్కటే పాత్రకు తగ్గట్టు మార్చి ఇచ్చాను: "కడతాను. ఉద్యోగం ఇస్తారని మూడేళ్లు ఎదురుచూశాను. ఆ మూడేళ్లకు మీరేం కడతారు?"

డైరెక్టరుగారు నన్ను ఎగాదిగా చూశారు. "ఏంటండీ మీరు కూడా! హీరో మాట్లాడాక ఇంకొకళ్లు మాట్లాడతారా?" అన్నారు. మళ్లీ ఆయనే, "సరే, పెట్టుకోండి. చప్పట్లలో ఎలాగూ వినపడదు" అన్నారు.

నేనూ ప్రభుత్వ కాలేజీలోనే సివిల్ ఇంజినీరింగ్ చదివాను. హాస్టలు భోజనంతో సహా అంతా ప్రభుత్వానిదే. మా బాల్కనీలోంచి ఫ్లైఓవర్ కనిపిస్తుంది. నేను మాత్రం ఇంతవరకు ఒక్క కల్వర్టు కట్టలేదు. దేశం దాటలేదు కాబట్టి నన్నెవరూ ఎక్కడా ఆపరు. పైగా దేశభక్తి డైలాగులకు నన్నే పిలుస్తారు. ఆ పన్ను ఆలోచన పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ రోజు నుంచి ఆ మాట గట్టిగా అనాలంటే సిగ్గేస్తోంది.

ఆమె వెళ్లిన రెండు నెలలకు సినిమా విడుదలైంది. మొదటి రోజు ఆ సీనుకు హాలంతా లేచి నిలబడింది. ఈలలు, కేకలు, ఎగిరిన కాగితాలు. ఆమె మాట నాకే వినపడలేదు. సంతోషించాల్సిన చోట మనసు చివుక్కుమంది. సాయంత్రం ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "సార్, నా మాట ఉంచిండ్రా? వినబడ్డదా?" జవాబు రాయకుండానే ఫోను జేబులో పెట్టుకున్నాను.

వారం తర్వాత, మంగళవారం మధ్యాహ్నం ఆటకు మళ్లీ వెళ్లాను. హాల్లో పదిహేను మంది ఉంటారేమో. హీరో గర్జించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు వినిపించింది, ఒక్క అక్షరం పోకుండా. నా ముందు వరుసలో ఫోన్ చూసుకుంటున్న పెద్దావిడ తలెత్తి తెర వైపు చూసింది. నా డైలాగుకు చప్పట్లు పడనందుకు ఇన్నేళ్లలో మొదటిసారి సంతోషపడ్డాను.

హాలు మెట్ల మీదే నిలబడి రాశాను: "ఉందమ్మా. స్పష్టంగా వినపడింది. మీ గల్లీవాళ్లను ఒకసారి చూడమను."

కాసేపటికి వాయిస్ మెసేజ్‌లో ఆమె గొంతే వచ్చింది.

"మావోళ్లంత మొదటి రోజే చూసిండ్రు సార్. ఆ సీన్‌కు మస్తు చప్పట్లు కొట్టిండ్రంట."