పోటీ చేస్తాడా అని అందరూ అడిగిన పేషెంటు

2007 ఫిబ్రవరిలో నన్ను అబూధాబిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వీఐపీ వార్డుకు ఇన్‌ఛార్జి నర్సుగా వేశారు. అప్పటికి అక్కడ చేరి పదకొండేళ్లు. అక్కడ నర్సుల మెట్లు ఇవి: స్టాఫ్ నర్సు, సీనియర్ స్టాఫ్ నర్సు, ఇన్‌ఛార్జి, సూపర్‌వైజర్, అందరికీ పైన నర్సింగ్ డైరెక్టర్. పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి వెళ్లిన నేను మూడో మెట్టు ఎక్కానని మా వాళ్లందరికీ గొప్పగా ఉండేది. నాకు మాత్రం ఆ వార్డులో అడుగుపెట్టిన రోజు నుంచీ స్థిమితం లేదు. ఎనిమిది గదుల్లో ఎప్పుడు ఎవరు దిగుతారో, ఎవరి తాలూకు మనిషి వచ్చి ఏం అడుగుతాడో తెలిసేది కాదు.

ఇప్పుడు చెప్పబోయే పేషెంటు పేరు రాయను. ఆయన రాష్ట్రం, అనారోగ్యం తాలూకు కొన్ని వివరాలు కూడా మార్చాను. ఉద్యోగం అయిపోయినా ఆ కట్టుబాటు అయిపోదు.

వీఐపీ వార్డులో పేరున్న మనిషి చేరితే అడ్మిషన్ కౌంటర్లోనే మారుపేరు పెట్టేవాళ్లం. చేతికి కట్టే పట్టీ, రక్తం సీసాల మీద స్టిక్కర్లు, కేస్ షీటు, అన్నిటి మీదా ఆ మారుపేరే ఉండాలి. అసలు పేరు, పాస్‌పోర్టు నకలు సీలు చేసిన కవరులో ఇన్‌ఛార్జి డ్రాయరులో ఉండేవి. తాళం నా దగ్గరే. ఎవరైనా ఫోన్ చేసి ఫలానా ఆయన ఉన్నాడా అని అడిగితే ఉన్నాడనీ చెప్పకూడదు, లేడనీ చెప్పకూడదు.

మార్చి నెలలో ఒక సోమవారం ఉదయం ఏడు గంటల డ్యూటీకి ఎక్కాను. రాత్రి డ్యూటీ వాళ్ల నుంచి వార్డు అప్పగింత ఇంకా పూర్తికాకముందే ఎమర్జెన్సీ నుంచి ఒక అమెరికన్‌ను పైకి తెచ్చారు. అరవై దాటిన మనిషి, ఒక రాష్ట్రానికి మాజీ గవర్నరు. నగరంలో జరుగుతున్న వ్యాపార సదస్సులో ఆ ఉదయం ప్రసంగించాలి. హోటల్లో టిఫిను చేస్తుండగా ఛాతీ పట్టేసింది. మేం పెట్టిన మారుపేరు మిస్టర్ హిల్.

అమెరికాలో అధ్యక్ష ఎన్నికకు ముందు ప్రతి పార్టీ తన అభ్యర్థిని తేల్చుకోవడానికి రాష్ట్రాలవారీగా ఓటింగు పెడుతుంది. దాన్నే ప్రైమరీ అంటారు. ఆ ఓటింగుకు ఇంకా చాలా నెలల టైముంది. అయినా ఎవరెవరు దిగుతారని టీవీలు అప్పటికే గోల చేస్తున్నాయి. దిగవచ్చని అనుకుంటున్నవాళ్ల ఫొటోలు వరసగా పెట్టి రోజుకో లెక్క చెప్పేవాళ్లు. ఆ వరసలో మా మిస్టర్ హిల్ ఫొటో కూడా ఉందని నాకు ఆయన గదిలోని టీవీలోనే తెలిసింది. నేను ఆయన ఛాతీకి ఈసీజీ తీగలు అంటిస్తుంటే గోడమీద ఇద్దరు యాంకర్లు ఆయన గురించే వాదించుకుంటున్నారు. ప్రసంగం రద్దు చేసుకున్నాడంటే పోటీ ప్రకటించడానికి ఇంటికి వెళ్లిపోతున్నాడని ఒకాయన, కాదు, వెనక్కి తగ్గుతున్నాడని ఇంకొకాయన.

"సిస్టర్, నేను పోటీ చేస్తానంటావా?" అని అడిగాడు పేషెంటు.

"ముందు రెండు నిమిషాలు కదలకుండా పడుకోండి సార్, గీత సరిగా రావాలి" అన్నాను.

ఆయన నవ్వాడు. మానిటర్‌లో గుండె వేగం మాత్రం తగ్గలేదు. టీవీ కట్టేయమంటారా అంటే వద్దన్నాడు.

ఈసీజీలో కొంచెం తేడా కనిపించింది. గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష మొదటిసారి మామూలుగానే వచ్చింది. కానీ ఆరు గంటల తర్వాత మళ్లీ చేస్తే గాని ధైర్యంగా ఏమీ అనలేరు. ఈలోగా ఎందుకైనా మంచిదని మా ఈజిప్టు డాక్టరు సాయంత్రం నాలుగింటికి యాంజియోగ్రామ్ రాశారు. దాంతోపాటు పేషెంటు పాత ఈసీజీ ఉంటే తెప్పించమన్నారు. ఈ తేడా కొత్తదా, ఎప్పటినుంచో ఉన్నదా అన్నది దాన్ని పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఆయన సహాయకుడు అమెరికాకు ఫోన్లు చేసి, అక్కడి డాక్టరును నిద్రలేపి, ఎలాగో ఫ్యాక్స్ పంపించే ఏర్పాటు చేశాడు.

పన్నెండున్నరకు నా ఫోన్ మోగింది. సుధీర్. దుబాయ్‌లోని ఒక ఇంగ్లీషు పత్రికలో రిపోర్టరు, ఉండేది అల్ కుసైస్‌లో. నిజామాబాద్ వాడు. అక్కడి సెలవురోజైన శుక్రవారం మా తెలుగు చర్చి ఆరాధనలో కీబోర్డు వాయించడానికి అంతదూరం నుంచి వచ్చేవాడు. నన్ను అక్కా అనేవాడు, మా ఇంట్లో చేపల పులుసు తినని నెల లేదు.

"అక్కా, జర్ర ఒక్క ముచ్చట. పొద్దుగాల మీటింగ్‌ల మాట్లాడాల్సిన అమెరికాయన రాలే. మీ దవఖానల ఉన్నడంటున్నరు. నిజమేనా?"

"డ్యూటీలో ఉన్నాను తమ్ముడూ. పేషెంట్ల సంగతి నన్నడక్కు."

"లేడని చెప్పు, ఇగ రాయనే రాయ. ఖలాస్. చుప్పుగ ఉంటే మాత్రం ఉన్నడనే అనుకుంట."

"నువ్వేమనుకున్నా నేను చెప్పేదిదే" అని పెట్టేశాను.

మళ్లీ చేశాడు. అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి మోగినప్పుడు ఎత్తలేదు. కానీ నా మనసు చెదిరిపోయింది. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటే చూశాను. సరిగ్గా ఆ సమయంలో ఫ్యాక్స్ వచ్చింది, అదే నిమిషంలో క్యాత్ ల్యాబ్ వాళ్లు, అంటే యాంజియోగ్రామ్ చేసే విభాగం వాళ్లు, పాత ఈసీజీ వచ్చిందా, త్వరగా, యల్లా యల్లా అంటూ ఫోన్ చేశారు. ఒక నకలు తీసి అటెండరు చేతికిచ్చి కిందికి పంపించాను.

రెండున్నరకు రెండో ట్రోపోనిన్ కూడా మామూలుగా వచ్చింది. డాక్టరు రెండు ఈసీజీలు పక్కపక్కన పెట్టి చూశారు. తేడా పాతదే, నాలుగేళ్ల కిందటి కాగితంలోనూ అలాగే ఉంది. నొప్పి కడుపులోని ఆమ్లం వల్ల. యాంజియోగ్రామ్ రద్దు చేశారు. మందు వేసిన గంటకు పేషెంటు సూప్ అడిగి తాగాడు.

సాయంత్రం ఐదింటికి సుధీర్ పత్రిక వెబ్‌సైటులో వార్త వచ్చింది. ఆ తర్వాత టీవీలన్నీ దాన్నే పట్టుకున్నాయి. అధ్యక్ష పోటీకి దిగవచ్చనుకుంటున్న మాజీ గవర్నరుకు గల్ఫ్‌లో గుండె చికిత్స, నాలుగింటికి యాంజియోగ్రామ్ అని. ఆయన సహాయకుడు వార్డు మధ్యలో నిలబడి అరిచాడు. పేషెంటు మాత్రం టీవీ చూస్తూనే ఉన్నాడు. పొద్దున చూపించిన ఆ ఫొటోల వరసలో ఆయన ఫొటో మీద ప్రశ్నార్థకం వేశారు.

ఆ రాత్రి బనియాస్‌లో ఇంటికి చేరేసరికి మా ఆయనకు వార్త తెలిసిపోయింది. ఆయన ముసఫ్ఫాలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసేవారు.

"సుగుణా, ఆ సుధీర్ గాడికి నువ్వేం చెప్పలేదు కదా?"

"మీరు కూడా అడుగుతున్నారేంటండీ?" అన్నాను.

మంగళవారం ఉదయం పేషెంటు డిశ్చార్జి అయ్యాడు. మధ్యాహ్నం నన్ను విచారణకు పిలిచారు. ఒకపక్క నర్సింగ్ డైరెక్టర్, లెబనాన్ ఆవిడ. ఇంకోపక్క పరిపాలన చూసే పెద్దాయన. ఆయన్ని అందరం ముదీర్ అనేవాళ్లం. నా ఫోన్ నేనే బల్లమీద పెట్టాను. మూడు కాల్స్, టైములతో సహా ఉన్నాయి. వార్త రాసినవాడు, నేను ఒకే భాష వాళ్లం. ముదీర్‌కు అది చాలింది. ఈమె పాస్‌పోర్టు ఫైలు తెప్పించండి, ఖలాస్ అన్నాడు. ఆసుపత్రే నాకు కఫీల్, అంటే నా వీసాకు పూచీ. వాళ్లు వద్దనుకుంటే వీసా ఉండదు, వీసా పోతే దేశంలో ఉండనివ్వరు.

వార్త అచ్చయిన ఆనాటి పత్రిక వాళ్ల ముందుంటే ఒకసారి ఇమ్మని అడిగాను. నిలబడే చదివాను. మొదటి వాక్యంలో పేషెంటు పేరు నాలుగు భాగాలుగా ఉంది, మధ్య పేర్లు రెండూ పూర్తిగా. టీవీలో ఎవరూ ఆయన్ని అలా అనలేదు. పాస్‌పోర్టులోనూ మధ్య పేరు ఒక్కటే. ఆ నాలుగు భాగాల పేరు నేను ఒకేచోట చూశాను. ఫ్యాక్స్‌లో వచ్చిన పాత ఈసీజీ కాగితం ఎడమ మూలన.

పైగా వార్త రాసినవాడికి యాంజియోగ్రామ్ టైము తెలుసు గాని, అది రద్దయిన సంగతి తెలియదు. సుధీర్‌తో నేను మాట్లాడేసరికి ఆ ఫ్యాక్స్ రానేలేదు, వచ్చాక దాని నకలు వెళ్లింది క్యాత్ ల్యాబ్‌కే. అంటే సంగతి పోయింది క్యాత్ ల్యాబ్ నుంచి. అక్కడికి పేరు పంపించింది నేను. బయటి కాగితం ఏదొచ్చినా అసలు పేరు నల్లగా కొట్టేసి, దానిమీద మారుపేరు స్టిక్కరు అంటించాకే వార్డు దాటాలి. నిన్న నేను ఆ పని చేయలేదు.

ఆ గదిలో ఇది పసిగట్టింది నేనొక్కదాన్నే. చెబితే తప్పు నామీదే రాతపూర్వకంగా పడుతుంది. ఊరుకుంటే అనుమానం ఎటూ నామీదే ఉంటుంది, కానీ రుజువుండదు. కాసేపు రెండూ తూచాను, అది దాచను. తర్వాత పత్రిక డైరెక్టర్ ముందు పెట్టి, పేరు మీద వేలుంచి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఫైలు తెప్పించి ఫ్యాక్స్ చూసింది. నువ్వు మాట్లాడలేదు, అది నమ్ముతున్నాను, కానీ నువ్వు పంపించావు అంది.

వీసా నిలబడింది. హెచ్చరిక ఉత్తరం ఇచ్చి, ఇన్‌ఛార్జి పదవి తీసి, ఆడవాళ్ల జనరల్ వార్డుకు సీనియర్ స్టాఫ్ నర్సుగా పంపారు. క్యాత్ ల్యాబ్‌లో ఆ కాగితం ఐదుగురు చూశారు. వాళ్లలో ఎవరి నోటి నుంచి బయటికెళ్లిందో ఎప్పటికీ తేలలేదు.

ఆ శుక్రవారం ఆరాధన అయ్యాక సుధీర్ నా దగ్గరికొచ్చాడు.

"నీ పేరు యాడ చెప్పలే అక్కా. ఒట్టు."

"నా ఫోన్‌లో నీ పేరు ఉంది. అది చాలు వాళ్లకి."

తలవంచుకున్నాడు. "నేను రాసింది అబద్ధమైతే కాదు గదా? అడ్మిట్ అయిండు గదా. గుండె జబ్బే గదా?" అన్నాడు.

కాదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మనిషి గుండె నిక్షేపంలా ఉందని, రెండు రిపోర్టులు నా చేత్తో ఫైల్లో పెట్టానని చెప్పాలనిపించింది. చెబితే వాడు మర్నాడు సరిదిద్దేవాడేమో కూడా. కానీ అదీ పేషెంటు సంగతే. "ఇంటికెళ్లు తమ్ముడూ" అన్నాను. నా మౌనాన్ని వాడు అవును అనుకున్నాడని ముఖంలోనే తెలిసింది.

కొన్ని వారాలకు ఆ మాజీ గవర్నరు పోటీ చేయడం లేదని ప్రకటించాడు. కుటుంబ కారణాలన్నాడు. వ్యాఖ్యాతలెవరూ నమ్మలేదు. అబూధాబిలో బయటపడ్డ గుండె జబ్బే కారణమని తేల్చేశారు. జనరల్ వార్డులో ఒక ముసలమ్మకు బీపీ చూస్తూ ఆ మాట విన్నాను. పట్టీ గాలి సరిగా ఎక్కించలేక మళ్లీ మొదటినుంచి చూడాల్సి వచ్చింది. ఆ వార్త వల్ల తగ్గాడో, ముందే తగ్గాలనుకున్నాడో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

ఆ తర్వాత పదమూడేళ్లు పనిచేశాను. మూడేళ్లకు ఇన్‌ఛార్జి పదవి మళ్లీ ఇచ్చారు. కొత్తగా చేరిన నర్సులకు పాఠం చెప్పేటప్పుడు రెండే సంగతులు చెప్పేదాన్ని. మనం నోరు అదుపులో పెట్టుకున్నామన్న నమ్మకంతో చేతిలో కాగితాన్ని మరిచిపోతాం, కాబట్టి చదవకముందే పేరు కొట్టేయండి. రెండోది, పేషెంటు గురించి లోకమంతా తప్పుగా అనుకుంటున్నా, నిజం మీ ఒక్కరికే తెలిసినా, దాన్ని సరిదిద్దే హక్కు మీది కాదు, పేషెంటుది.