వీపు మీద బురద చార

మొన్న మంచిర్యాలల పాత రేసు మోటర్‌సైకిల్ బండ్ల పండుగ పెట్టిండ్రు. టూ-స్ట్రోక్ పొగ వాసనకు పాణం లేచొచ్చింది. ఇంతల నాలుగు చినుకులు పడ్డయి. హెల్మెట్ల వీరులంతా ఉరికొచ్చి బండ్ల మీద తాడిపత్రి పట్టాలు కప్పిండ్రు. థూ!

నస్పూర్ క్వార్టర్ల దోస్తులారా, యాదున్నదా? బొగ్గుబాయిల పని చేసే మా బాపు, రోడ్డు రేసుకు బరువు తగ్గాలని బండి మడ్‌గార్డులు పీకేసేటోడు. మళ్ల బిగించకపోయేటోడు. వానకాలం గదే బండి మీద డ్యూటీకి పోయొస్తే అంగీ ఎనుక నడుం కాడికెళ్లి మెడ దాకా బురద చార. "నీ రేసు మన్నువడ" అని తిట్టుకుంటనే అవ్వ ఉతికేది.

గీ వీరుల ఎనుకకు పోయి చూసిన. ఒక్కని వీపు మీద గూడ చుక్క బురద లేదు.

ఇంటికొచ్చి చెప్తే, జిందగంత రేసును తిట్టిన మా అవ్వ మూతి తిప్పింది.

"మరి గా బండ్లు ఎందుకురా, దేవుని అర్రల పెట్టి మొక్కెతందుకా?"